రైతెవరమ్మా?

దీనమ్మ గారిని రైతు బజారులోంచి బయటికి పంపింది తూకంలో మోసం చేసినందుకు కాదు. పుచ్చులు అమ్మినందుకు కాదు. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పినందుకు.

పోయిన ఏడాది సంక్రాంతి వెళ్ళిన వారం, లాకుల సెంటర్లోని మా రైతు బజారుకి అక్కడ అమ్ముకోవడానికి రైతులకిచ్చే కార్డులు తనిఖీ చేయడానికి ఒక అధికారి వచ్చాడు. అసలు రైతులెవరో, రైతుల పేరుతో కూర్చున్న దళారులెవరో తేల్చాలట. ఉద్దేశం మంచిదే. పదకొండేళ్ళుగా, ఎవరూ కార్డు అడగక, దీనమ్మ గారు కూర్చుంటున్న అరుగు దగ్గర ఆగి, ఒక కంద దుంపని చేత్తో దొర్లించి చూశాడు.

"ఇవెక్కడివి?"

"మా తోటలోవేనండి. అల్లవరం దగ్గర."

"రైతెవరమ్మా?"

"ముత్యాలరాజుగారండి," అన్నారు దీనమ్మ గారు.

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని పక్క అరుగుకి వెళ్ళిపోయాడు. ఆవిడ మళ్ళీ బచ్చలి కట్టలు కట్టుకుంటూ కూర్చున్నారు. ఏం జరిగిందో ఆవిడకి మర్నాడు పొద్దున్నగాని తెలియలేదు.

మా వైపు పొలం పనికి వెళ్ళే ఇళ్ళలో "రైతు" అంటే పండించేవాడు కాదు. ఎవరి భూమిలో పండిస్తామో ఆయన. నాట్లు వేసేది, కలుపు తీసేది, తవ్వేది, మోసేది మనం; రైతు మాత్రం గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాయన. మా తాత డెబ్భై ఏళ్ళు మట్టిలో బతికి, పోయేదాకా "మా రైతు" అని ఇంకొకరినే అన్నాడు. ఈ సంగతి ఎక్కడినుంచో వచ్చిన ఆ అధికారికి తెలియదు. దుంపలు ముత్యాలరాజువి, అమ్మేది ఈవిడ, కాబట్టి ఈవిడ దళారి అని తేల్చేశాడు.

మర్నాడు ఆవిడ బుట్టలు గేటు బయట కాలవ పక్కన ఉన్నాయి. ఆ అరుగు మీద అంజిబాబు కూర్చున్నాడు. బావమరిది కార్డు మీద కూరగాయలు అమ్మే అంజిబాబు తోట మొహం చూసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు. అతని క్యాబేజీ లారీలో వస్తుంది. అతను మాత్రం దళారి కాదు. ఎందుకంటే రైతెవరని అడిగినప్పుడు తడుముకోకుండా "నేనే" అన్నాడు.

నేను పనిచేసే నెట్ సెంటర్ ఆ గేటుకి ఎదురుగానే. ఆధార్‌లో తప్పులు దిద్దడం, అర్జీలు టైపు చేయడం నా పని. ఆ పొద్దున ఆవిడ గోనెసంచి పరుచుకుని, అక్కడే, కాలవ పక్కన, బుట్టలు సర్దుకోవడం చూశాను. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకి, లోపల ఉన్నప్పుడు ఎలాగో అలాగే, మూడు గిన్నెల క్యారేజీ విప్పారు.

ఆ క్యారేజీ గురించి చెప్పాలి. దీనమ్మ గారు ఏది తవ్వినా, ఏది కోసినా, అందులో మంచిది ముందు తన పొయ్యి మీదకి వెళ్తుంది. మిగతాదే బజారుకి వస్తుంది. కూరలమ్మేవాళ్ళలో ఇలాంటి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. మిగతావాళ్ళంతా సాయంత్రానికి వాడిపోయి మిగిలినవే ఇంటికి పట్టుకెళ్ళి వండుకుంటారు.

"అమ్ముకోవాల్సిన సరుకు నువ్వే తినేస్తే ఎలాగే?" అని పక్క అరుగు ఆవిడ నవ్వితే, "నేను తినందే ఎలాగుందో మీకెలా చెప్పనండి?" అనేవారు.

నాతో మాత్రం ఒకసారి వేరే కారణం చెప్పారు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళమ్మ ఒక రైతుగారి దొడ్లో పనిచేసేది. సాయంత్రం కొంగులో కట్టుకొచ్చేవి పుచ్చు వంకాయలు, ముదిరిన బెండకాయలు, ఆ ఇంట్లో వద్దన్న కంద చెక్కలు. "పుచ్చులు తిని పెరిగేను బాబూ. ఏ వంకాయలో ఎక్కడ పురుగుందో కళ్ళు మూసుకుని చెప్తాను. మా అమ్మ నాటిన మొక్కకి మంచి కాయ ఎలా ఉంటదో మా అమ్మకి తెలీదు. నేను తెలుసుకుందామని."

ముత్యాలరాజు కొబ్బరి తోటలో ముప్పావు ఎకరం ఆవిడ కౌలుకి చేస్తారు. కొబ్బరి కాయ ఆయనది, కింద నేల ఆవిడది. అరటి వరసల మధ్య కంద, పెండలం, పసుపు. కంచె మీద బచ్చలి. నీళ్ళు పారే బోదె గట్టున దానంతటదే మొలిచే పొన్నగంటి. పడిపోయిన కొబ్బరి మట్టలు నరికి కంద పాదుల మీద కప్పుతారు. తవ్విన దుంపని వెంటనే అమ్మరు. మంచం కింద నీడలో పన్నెండు రోజులు ఆరబెడతారు. పచ్చి కంద గొంతు దురదపెడుతుంది. ఆరిన కంద వెన్నలా ఉడుకుతుంది. దాన్ని చింతపండు, బచ్చలి వేసి ఉడికించి, ఆఖర్న వేయించిన ఎండురొయ్యలు చల్లి, దంపుడు బియ్యం అన్నంలో కలుపుకుని ఆ కాలవ పక్కన ఆవిడ తింటుంటే, దారిన పోయేవాళ్ళు ఆగి ఎలా వండేరని అడిగేవాళ్ళు. నాకు ఒక గిన్నె మూత నిండా పెట్టేవారు, ఒక్కోరోజు పొన్నగంటి కూర కూడా. పాతికేళ్ళు వచ్చేదాకా పొన్నగంటి కూర అంటే జబ్బు చేసినవాళ్ళు తినేదనుకున్నవాణ్ణి నేను. చుట్టూ ఇన్ని తోటలు పెట్టుకుని మనం తింటున్నది ఎవరి ఊరి క్యాబేజీ అన్న కోపం నాకు ఆ మూతతోనే మొదలైంది.

రెండో వారంలో ముత్యాలరాజు వచ్చాడు. స్కూటర్ ఆపి, దిగకుండానే పలకరించాడు.

"ఏంటి దీనమ్మా, రోడ్డున పడ్డావంట."

"ఆయ్. ఇక్కడ గాలి బాగా వస్తందండి."

"నాతో ఒక్క మాట అనొచ్చు కదా. పాసుపుస్తకం నా దగ్గరుంది. కార్డు నా పేరు మీద తీసుకుందాం. మా మనిషివని చెప్పి నువ్వు కూర్చో. ఎవడడుగుతాడు?"

"దొడ్డ మనసుతో అన్నారండి తమరు. అదేదో కౌలు కాగితం మీద తమరు సంతకం పెడితే కార్డు నా పేరు మీదే వస్తదంట కదండీ. ఈ బాబు చెప్పేడు."

ముత్యాలరాజు నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

"పదకొండేళ్ళలో మన మధ్య కాగితం ఉందా? కాగితమంటే రేపు కోర్టులు, కచేరీలు. నా పేరు మీద కూర్చుంటే నీకొచ్చిన లోటేంటి?"

"కూర్చుంటే కంద తమరిదైపోద్దండి. బాగుందంటే ఆ పేరు తమరికెళ్ళిపోద్ది. దురదపెట్టిందంటే మటుకు దీనమ్మని తిడతారు."

కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు ఇద్దరు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. పెద్దమనిషి, నవ్వు చెడగొట్టుకోడు. స్కూటర్ స్టార్ట్ చేయబోయి ఆగాడు.

"అన్నట్టు, తొలి కంద ఈ ఏడు ఇంటికి రాలేదే?"

మొదట తవ్విన కంద, మొదటి అరటి గెల భూమిగలవాళ్ళ ఇంటికి మోసుకెళ్ళి ఇవ్వడం మా వైపు పద్ధతి. అడగరు. అడగాల్సిన అవసరం రాదు.

"తొలి కంద ఇదేనండి," అన్నారు దీనమ్మ గారు, బుట్ట ఆయనవైపు జరిపి. "ఏరుకోండి. తూస్తాను."

ఆయన స్కూటర్ దిగాడు. దిగక తప్పలేదు, ఆడవాళ్ళు చూస్తున్నారు. ఒక దుంప తీశాడు. ఆవిడ తూచి, సంచిలో వేసి ఇచ్చి, చెయ్యి చాపారు. ముత్యాలరాజు తన తోటలో పండిన కందని జేబులో చెయ్యి పెట్టి కొనడం నా కళ్ళతో చూశాను. ఆ వారమంతా నాకు అన్నం సహించింది.

కానీ నవ్వుకున్నంత తేలిక కాదు. ఆయన తలుచుకుంటే తోటే పోతుంది. కార్డు కావాలంటే ఆయన సంతకం కావాలి, సంతకం గట్టిగా అడిగితే నేల ఉండదు, నేల లేకపోతే కార్డెందుకు? ఈ గుండ్రం ఎవరు గీశారో నాకు తెలియదుగాని చాలా తెలివైనవాళ్ళు గీశారు.

మాఘమాసంలో ఒకరోజు బజారులో గొడవ. అంజిబాబు కందని ఆరబెట్టకుండా తవ్విన మర్నాడే అమ్మేశాడట. అది తిని గొంతు వాచిపోయిందని ఒక మాస్టారు సగం దుంప పట్టుకొచ్చి అతని అరుగు మీద పెట్టాడు. పెట్టి, తిన్నగా గేటు బయటికి వచ్చి దీనమ్మ గారి దగ్గర కొనుక్కున్నాడు. ఆ వెనక ఇంకో నలుగురు. నేను ఆవిడకి కార్డు ఇమ్మని టైపు చేసిన అర్జీ పట్టుకుని బజారు ఆఫీసుకి వెళ్తుంటే అంజిబాబు అరుగు మీంచే అన్నాడు:

"కందకు లేని దురద కత్తిపీటకెందుకంటావు తమ్ముడూ?"

"నీ కందకి దురదుంది కదా అన్నా. మాస్టారిని అడుగు."

ఆ అర్జీకి జవాబు రాలేదు. ఇంకోటి పెట్టాను. దానికీ రాలేదు. ఆ రోజుల్లోనే గ్రంథాలయంలో పాత నిఘంటువు తిరగేస్తే, రైతు అన్న మాట మనది కాదని, ఉర్దూ మీదుగా వచ్చిందని, దానికి అసలు అర్థం ఏలుబడిలో ఉన్నవాడు, జనం అని తెలిసింది. ఏలేవాడు ఒకడు, వాడి కింద రైతు. పరిగెత్తుకొచ్చి ఆవిడకి చెప్పాను.

దీనమ్మ గారు బచ్చలి కట్ట పక్కన పెట్టారు.

"మరి మా రాజుగారు రైతెలాగయ్యేరు బాబూ? ఆయన పేరులోనే రాజున్నాడు కదా."

తర్వాత ఆవిడ నవ్వడం మొదలుపెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "పదకొండేళ్ళు తప్పు చెప్పేను. ఎవడూ దిద్దలేదు," అన్నారు.

ఎండలు ముదిరాక మళ్ళీ కంద నాటారు. ముత్యాలరాజు వద్దనలేదు, ఔననలేదు. శ్రావణంలో, కందాకు గొడుగుల్లా విచ్చుకున్నప్పుడు, పంట నమోదుకి వ్యవసాయశాఖ అమ్మాయి వచ్చింది. పేరు రేవతి, రాజోలు వైపు పిల్ల. ఆ నమోదుకి సంతకంతో పనిలేదని, పొలంలో సాగు ఎవరు చేస్తున్నారో చూసి రాసుకోవడమేనని ముందే తెలుసుకుని, దీనమ్మ గారు నన్ను కూడా రమ్మన్నారు. మేం వెళ్ళేసరికి ముత్యాలరాజు గట్టు మీద ఉన్నాడు.

రేవతి ఫోన్ తెరిచి, తలెత్తకుండా, ఆ అధికారి అడిగిన మాటే అడిగింది.

"రైతెవరండి?"

దీనమ్మ గారి పెదాలు రెండూ కలవడం చూశాను. "ము" అనడానికి కలిసిన పెదాలు. యాభై ఏళ్ళ అలవాటు అది, నిఘంటువు చూసినంత మాత్రాన పోదు. అలాగే మూసుకుని ఉండిపోయాయి. రేవతి తలెత్తింది.

"నేనేనండి. రాజుగారు భూమిగలాయన. రైతుని నేను."

రేవతి గట్టువైపు చూసింది. "అవునాండి?"

ముత్యాలరాజు బోదెలో నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. కాదనొచ్చు. అంటే ఎవరూ ఏమీ చేయలేరు. కానీ ముప్పావు ఎకరం కందాకు ఎదురుగా నిలబడి, మోకాళ్ళదాకా మట్టి ఉన్న మనిషి ముందు ఆ అబద్ధం ఆడాలంటే నోరు రావాలి. ఆయనకి రాలేదు. అంతవరకు ఆయనకి మార్కులు వేస్తాను.

"తవ్వేదీ నాటేదీ ఆవిడే," అన్నాడు.

"ఆ ఆకు పక్కన నిలబడండమ్మా, ఫోటో తీసుకోవాలి." దీనమ్మ గారు కొంగు సర్దుకుని, నవ్వకుండా, నిటారుగా నిలబడ్డారు.

ఆ నమోదు కాగితం పెట్టి మూడో అర్జీ టైపు చేశాను. క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు కార్డు వచ్చింది. అందులో "రైతు పేరు" అన్నచోట ఏముందో నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. పాత అరుగు ఇవ్వలేదు. కుళాయి పక్కన, ఎప్పుడూ తడిగా ఉండేచోట ఇచ్చారు. ఇటుక ముక్కలు పరిచి దాని మీద గోనెసంచి వేసుకుని కూర్చున్నారు. మాస్టారు, ఆ ఆడవాళ్ళు, గేటు దగ్గర అలవాటైన వాళ్ళంతా ఆ తడిలోకే వచ్చారు.

పోయిన నెల ముత్యాలరాజు కబురు పంపాడు. ఈ కంద తవ్వకం అయ్యాక తోట తానే చూసుకుంటాడట. కారణం చెప్పలేదు. అడిగినా చెప్పడు, నవ్వుతాడు.

నేను ఆవిడని ఆఖరుసారి చూసింది పోయిన బుధవారం మధ్యాహ్నం. మర్నాడే నేను హైదరాబాదులో పని వెతుక్కోవడానికి బయల్దేరుతున్నాను. క్యారేజీ విప్పి ఉంది, కంద బచ్చలి. నాకు మూతలో పెట్టారు. నేను మూత పక్కన పెట్టి అడిగాను.

"నేల లేకపోతే ఈ కార్డు మళ్ళీ లాక్కుంటారు పిన్నిగారూ. అప్పుడేం చేస్తారు?"

"ముందు నువ్వు తిను, చల్లారిపోద్ది," అన్నారు. "విత్తనం కంద నాలుగు బుట్టలు తీసి మంచం కింద పెట్టేను. అదైతే రాజుగారిది కాదు కదా. గంగవరంలో మా చెల్లెలి ఇంటి పక్క తోట అడుగుతున్నాను. ఇస్తే అక్కడ పాతుతాను, లేకపోతే మా పెరట్లో గోనెసంచుల్లో పాతుతాను. అందులో మంచి దుంప ముందు నేను తింటాను. ఎవరైనా వచ్చి రైతెవరమ్మా అంటే, ఈసారి ఆళ్ళ నోట్లో మాట పూర్తి కానివ్వను."