రెండో మనిషంత బరువు

మోటారు బోటు తీసుకున్నానంటే మా హుస్సేనీ ఆలంలో ఎవరూ నమ్మలేదు. కింది వాటాలో ఉండే అవ్వ అయితే, "నల్లా రెండు రోజులకోసారి వస్తది, నీకు పడవెందుకు బిడ్డా?" అంది. ఆమెను అని లాభం లేదు. అరవై దాటినవాడు, పెళ్లీ గిళ్లీ లేనివాడు, ఫ్యాక్టరీలో ఫిట్టరుగా రిటైరై మేడమీద రెండు గదుల్లో ఒక్కడే ఉండేవాడు పడవ తెచ్చుకున్నాడంటే మతి పోయిందనే అనుకుంటారు. నిజానికి అది నా మొదటి పడవ కాదు. అంతకుముందు ఇరవై రెండేళ్లు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడిపాను. ఆదివారం పొద్దున్నే పోయి మధ్యాహ్నానికి ఎండకు కమిలి వస్తుంటే, ఎక్కడో పార్ట్‌టైమ్ పని చేస్తున్నానని మా గల్లీవాళ్లు అనుకునేవారు. నేనూ దిద్దలేదు. గాలికి నీళ్లమీద తిరగడానికి పోతున్నానని చెప్పుకోవడానికి సిగ్గేసేది.

ఈ పిచ్చి నాకు అంటించినవాడు కార్వాన్‌లో షామియానాలు కుట్టే ఒకాయన. నాకంటే ఐదేళ్లు పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన తమ్మీ అంటాడు. ఆయన పెద్ద కుట్టుమిషను మొరాయిస్తే బాగుచేయడానికి పోయి పరిచయమయ్యాను. ఆ రోజు మిషను కింద చిరిగిన తెల్లటి బట్ట ఒకటి ఉంది. సాగర్ ఒడ్డునున్న పడవల క్లబ్బువాళ్లు పంపిన తెరచాప. అంత మందం బట్ట కుట్టేవాళ్లు ఊళ్లో ఇంకెవరూ దొరక్క షామియానాల దర్జీ దగ్గరికి వచ్చారట. మిషను నడిచింది, చాప కుట్టడం అయింది. "ఇది ఎట్ల నడుస్తదో చూసొద్దాం పా తమ్మీ" అన్నాడు. నా స్కూటరు మీద ఇద్దరం చాపను ఒళ్లో పెట్టుకుని పోయాం.

క్లబ్బులో ఒకాయన మమ్మల్ని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పాడు. అన్న నోరు తెరుచుకుని పైన గాలి నిండిన చాపనే చూస్తూ కూర్చున్నాడు. దిగాక ఆయన చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తుంది.

"పుట్టినప్పటి సంది గాలి రావద్దని బట్ట కడుతున్న తమ్మీ. ఈడ గాలి రావాలని కడుతున్నరు."

ఆ మాటతో ఇద్దరి పనీ అయిపోయింది. క్లబ్బు షెడ్డులో చాప కట్టే కర్ర విరిగి, అడుగు పగిలి మూలపడ్డ పడవ ఒకటి ఉంటే అడిగి తీసుకున్నాం. కర్ర నేను నిలబెట్టాను, చాప ఆయన కుట్టాడు. తెల్లబట్ట సరిపోక మధ్యలో షామియానా ముక్క వేశాడు, ఎరుపూ పసుపూ చారలది. సాగర్ మీద పెళ్లిపందిరి తేలుతున్నట్టుందని క్లబ్బులో నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ ట్యాంక్‌బండ్ మీద బస్సులో పోయేవాళ్లకు కూడా మా పడవ ఏదో తెలిసేది.

అది ఇద్దరు మనుషుల పడవ. ఒక్కడివల్ల అయ్యేది కాదు. వెనక నేను చుక్కాని పట్టుకుంటే, ముందు ఆయన చిన్నచాప తాడు పట్టేవాడు. పడవ ఒరిగితే నడుము బయటికి వేసి బరువు ఆపేవాడు. దిశ మార్చేటప్పుడు పెద్దచాప కింది అడ్డబొంగు ఈ పక్క నుంచి ఆ పక్కకు తల మీదుగా వస్తుంది. ఆ క్షణంలో వంగకపోతే తల పగులుతుంది. అందుకని తిప్పే ముందు చుక్కాని దగ్గరివాడు చెప్పాలి, ముందున్నవాడు సరే అనాలి, అప్పుడే తిప్పాలి. క్లబ్బువాళ్లు దీనికి ఇంగ్లీషు మాటలు వాడతారు. మాకవి నోరు తిరగలేదు. నేను "పల్టీ" అనేవాడిని, ఆయన "మార్" అనేవాడు. ఆయన మార్ అననిదే ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా నేను తిప్పలేదు. పడవ గట్టుకు గుద్దుకోబోతున్నా సరే.

మాట్లాడుకున్నది తక్కువే. పోయేముందు పురానాపూల్ దగ్గర హోటల్లో కిచిడీ, పుల్లటి ఖట్టా తినేవాళ్లం, నీళ్ల మీద పల్టీ, మార్, ఒడ్డుకొచ్చాక చాప మడతపెట్టడం. వారంలో మిగతా ఆరు రోజులూ నేను ఎవరితో ఏం మాట్లాడానని అడిగితే చెప్పడానికేం లేదు. నన్ను నేను ఆదివారానికి దాచుకున్నట్టు ఉండేవాడిని.

ఆయన మెడ పాడైంది. జీవితమంతా తల వంచి కుట్టినవాడికి ఇంకేం పాడవుతుంది? మెడ ఎముకలు అరిగాయన్నారు, పట్టా వేశారు, ఒక్కసారిగా వంగితే కళ్లు తిరుగుతాయి. అయినా రెండు నెలలు పట్టా తీసి షాపులో పెట్టి వచ్చాడు. ఒక ఆదివారం నేను పల్టీ అన్నాను, ఆయన మార్ అన్నాడు, వంగడం మాత్రం ఆలస్యమైంది. అడ్డబొంగు చెవి పక్కనుంచి రాసుకుంటూ పోయింది. రక్తం రాలేదు. ఒడ్డుకొచ్చాం. చాప మడతపెట్టి, తాడు చుట్టి, అప్పుడన్నాడు.

"ఇగ నాతోని కాదు తమ్మీ. నువ్వు ఇంకోన్ని చూస్కో."

ఇంకోన్ని ఎక్కడ చూసుకోను? క్లబ్బులో ఇద్దరు ముగ్గురు వస్తామన్నారు. ఒకతన్ని ఎక్కించుకున్నాను కూడా. మనిషి మంచివాడే. నాకే కోపం వచ్చింది, అతను ఆ చోట కూర్చున్నందుకు. మళ్లీ పిలవలేదు.

అప్పుడు నాకు ఈ ఆలోచన వచ్చింది. అడ్డబొంగే లేని పడవ ఉంటే? వంగే పనే లేకపోతే? మోటారు బోటంటే ఇద్దరికీ చిన్నచూపే. అవి మా పక్కనుంచి పొగ వదులుతూ పోతుంటే "ఆటోలు" అనేవాడు అన్న. అయినా సరే అనుకున్నాను. ఆటోలోనైనా ఇద్దరం ఉంటే చాలు.

మూడు బోట్లు చూశాను. మొదటిది చాలా వేగం, ఎగిరెగిరి పడుతుంది, ఆ మెడకు పనికిరాదు. రెండోది పెద్దది, లోపల గది ఉంది, కానీ దిగడానికి తల వంచాలి. అమ్మే మనిషి ఇంజను గురించి చెప్తుంటే నేను జేబులోంచి టేపు తీసి గుమ్మం ఎత్తు కొలుస్తున్నాను. అతను నన్ను వింతగా చూశాడు. మూడోది పాతది, చిన్నది. పైన కప్పు, కప్పు కింద ముందువైపు మెత్తటి సీటు, ఆ సీటుకు వీపు ఆనించుకునే పలక. మోటారు, స్టీరింగు వెనకవైపు. నిలబడి నడుచుకుంటూ ఎక్కవచ్చు. ఆ ముందు సీటులో నేను పావుగంట మెడ బిగబట్టుకుని కూర్చుని చూశాను. ఎక్కడా వంగక్కర్లేదు. ఇదే కావాలన్నాను. ఇంజను నేను బాగుచేసుకోగలను, అది నాకు లెక్కలోది కాదు.

పాత పడవను ఇద్దరు కాలేజీ అమ్మాయిలకు ఇచ్చేశాను. వాళ్లకు తెల్లటి కొత్త చాప ఉంది, మా చారల చాప నాకే ఇచ్చారు. దాన్ని తెచ్చి అన్న షాపులో మిషను కింద పెట్టాను. ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఒకేసారి కొత్త బోటు దగ్గరికి తీసుకుపోయి చూపిద్దామని నా ఆశ. ఇన్నేళ్లలో ప్రతి మలుపుకూ ఆయన్ని అడిగి తిప్పినవాడిని, ఇంత పెద్ద మలుపు అడగకుండా తిప్పేశాను. బుద్ధి గడ్డి తిన్నది అప్పుడే.

ఆదివారం పొద్దున తీసుకుపోయాను. ఆయన బోటును చూసి నవ్వాడు, చుట్టూ తిరిగి కప్పు మీది రెగ్జిన్ కుట్టు చూసి "కచ్చా కుట్టు" అన్నాడు. నిటారుగా నడిచి ఎక్కాడు. నా కొలత తప్పలేదు. ముందు సీటులో కూర్చోబెట్టి మోటారు స్టార్ట్ చేశాను.

ఆయన చేతులు చూడకుండా ఉంటే బాగుండేది. కాసేపు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. కాసేపు పలక పట్టుకున్నాడు. బోటు కొంచెం ఒరిగినప్పుడల్లా కుడిచెయ్యి తనంతట తనే తాడు కోసం ముందుకు పోయేది, తాడు లేక వెనక్కి వచ్చేది. నేను "పల్టీ" అన్నాను. మోటారు మోతకు వినపడలేదు. ఆయన అలాగే కూర్చున్నాడు, నేను తిప్పాను, ఏమీ కాలేదు. ఏమీ కాదు కదా. ఆయన మార్ అన్నా అనకపోయినా ఆ బోటు తిరుగుతుంది.

దూరంగా మా పాత పడవ పోతోంది. అమ్మాయిలు ఒకరినొకరు గట్టిగా అరుచుకుంటూ తిప్పుతున్నారు. ఇద్దరం చూసీ చూడనట్టు ఊరుకున్నాం.

ఒడ్డున దిగాక అన్నాడు. "బోటు మస్తున్నది తమ్మీ. ఆరామ్‌గ ఉన్నది." చెప్పులు వేసుకున్నాడు. "గని ఇందుల నాకు పనేమున్నది? నువ్వొక్కనివి చాలు దీనికి."

"ఊకె కూసో అన్నా. పనెందుకు?"

"ఊకె కూసునుడు నాకు ఇంట్ల లేదా?"

మళ్లీ రాలేదు. కోపం లేదు, పిలిస్తే పెళ్లి సీజన్ అన్నాడు, ఆర్డర్లున్నాయన్నాడు. నాకు మాత్రం చాలా కోపంగా ఉండేది. ఎవరిమీదో తెలియక బోటు మీద చూపించేవాడిని. నిమజ్జనాలైన తర్వాత విగ్రహాల గుడ్డలు, దండల దారాలు మోటారు రెక్కకు చుట్టుకుంటాయి. వెనక వంగి గంట సేపు వాటిని కోస్తూ, ఎవరూ లేని ముందు సీటును తిట్టిన రోజులున్నాయి. ఖట్టా గిన్నె ముందు ఒక్కడినే కూర్చుంటే హోటలువాడు అలవాటుగా రెండు ప్లేట్లు పెట్టేవాడు. ఒకటి తీసేయమనడానికి నోరు రాక రెండూ తిన్నాను, ఒకటి కాదు, చాలా ఆదివారాలు.

ఒంటరిగా తిప్పుతుంటే ఇంకో సంగతి బయటపడింది. మోటారు వెనకే, నేనూ వెనకే. ముందు బరువు లేక బోటు మూతి పైకి లేస్తోంది. ఎదురుగా నీళ్లు కనపడవు, ఆకాశం కనపడుతుంది. క్లబ్బు ఒడ్డు చూసుకునే మనిషి అరిచి చెప్పాడు, "సార్, ముందట జర వజన్ పెట్టుండ్రి." ఇసుక సంచి పెట్టుకోవాలట. మామూలు గోనె నీళ్లకు కుళ్లిపోతుంది.

మంచి సంచి ఎవరు కుడతారో నాకు తెలుసు. వారం రోజులు ఆగి పోయాను.

అన్న మెడపట్టాతో మిషను ముందు కూర్చుని ఉన్నాడు. విషయం చెప్పాను. "ముందట ఖాళీ ఉంటే మూతి లేస్తున్నదన్నా. ఇసుక సంచి ఒకటి కావాలె."

"ఎంత వజనుది?"

"ఒక మనిషంత."

మిషను ఆపాడు. నా వైపు చూడలేదు. మెల్లగా లేచి బయటికి పోయాడు. పక్కన గింజల హోల్‌సేల్ కొట్టులో బస్తాలు తూచే కాంటా ఉంది. చెప్పులు విడిచి దానిమీద నిలబడ్డాడు. కొట్టు సేటు ఏందన్నా అంటున్నా ముల్లు చూసుకునే దిగాడు. తిరిగొచ్చి, "అరవై ఒకటి. ఇదివరకు డెబ్బై ఉంటి," అన్నాడు. "అరవై ఒకటే నింపు."

మిషను కిందినుంచి చారల చాప తీశాడు. నేను వద్దనబోయాను. అప్పటికే కత్తెర పెట్టేశాడు. ఎరుపూ పసుపూ చారల ముక్క పైకి వచ్చేలా కోసి, అంచులు రెండుసార్లు మడిచి, నాలుగు వరుసల కుట్టు వేశాడు. పట్టుకోవడానికి రెండు పక్కలా రెండు పట్టీలు. ఆయన కుడుతుంటే నేను ఎదురుగా కూర్చుని బట్ట పట్టుకున్నాను, జారకుండా. రెండు గంటలు పట్టింది. అన్ని నెలల్లో నాకు ఒంటరితనం తెలియని రెండు గంటలు అవే.

ఇప్పుడు ఆ సంచి ముందు సీటులో, పలకకు ఆనుకుని కూర్చుంటుంది. మూతి కిందికి దిగింది, బోటు సీదాగా పోతోంది. మొన్న షాపుకు పోతే అడిగాడు.

"ఎట్లున్నది సంచి?"

"మంచిగున్నదన్నా. లొల్లి లేదు."

సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు. "తిప్పేటప్పుడు దానికి చెప్తున్నవా మరి?"

"చెప్తున్న."

ఆయన నవ్వాడు, నేను ఊరికే అన్నాననుకున్నాడు. ఊరికే అనలేదు. మలుపు దగ్గర మోటారు తగ్గించి చెప్తాను. చెప్పి కాసేపు ఆగి, అప్పుడు తిప్పుతాను.