అవ్వ ఇల్లు కడిగిన రోజు

పెనుకొండలో పని చూసుకుని ధర్మవరం బస్సు ఎక్కానో లేదో ఫోన్ వచ్చింది. ఎదురింటి అవ్వ పోయిందట. ఆ పొద్దునే నన్ను గేటు దగ్గర ఆపి, "సింకులో యాసిడ్ పోయలేదు గదా?" అని నిలదీసిన మనిషి. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది భయం. ఇక మా మురికినీళ్లను కనిపెట్టుకుని ఉండేదెవరు?

మా కాలనీ చివర చిన్న శుద్ధి ప్లాంటు ఉంది. ఇళ్లలో వాడిన నీళ్లన్నీ అక్కడి తొట్టిలోకి చేరతాయి. అందులోకి గాలి పంపుతుంటే కంటికి కనిపించని జీవులు పెరిగి ఆ మురికిని తింటాయి. తేటపడిన నీళ్లు వంకలో పడి చిత్రావతిలో కలుస్తాయి. ఆ ఏటి ఒడ్డునే, కాస్త దిగువన, మా పుట్టిల్లు. ఏటి ఇసుకలో వేసిన బోరు నీళ్లే మా అమ్మ ఈరోజుకీ తాగుతుంది. అవ్వ ఉన్నన్నాళ్లూ ఆ నీళ్ల గురించి నేను నిశ్చింతగా ఉన్నాను.

ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ ఎక్కువైతే ఆ జీవులు చచ్చిపోతాయని ప్లాంటు చూసే ఆయన ఒకసారి మీటింగులో చెప్పాడు. మేమందరం విని మరచిపోయాం. అవ్వ మరచిపోలేదు. ఉగాది ముందు ఇళ్లు కడిగే రోజుల్లో గడపగడపకూ తిరిగేది. "ఏమ్మే, ఆ సీసా ఇట్లియ్యి. సబ్బుపొడి చాల్దా నీకు?" అని చేతిలోంచి లాక్కునేది.

"అవ్వకు మనవళ్ల కంటే ఆ పురుగులే ముద్దు" అని నవ్వేవాళ్లం.

"కడిగితే పోతాది అంటారు. యాడికి పోతాదమ్మా? ఎవురో ఒకరి బిందెలోకే పోతాది" అనేది.

నోరు మాత్రం మంచిది కాదు. ఈ సీసాల గొడవతోనే పక్కింటాయనతో మాటలు మానేసింది. ఆయనకు జ్వరమొస్తే మాత్రం నా చేత రాగి గంజి పంపించింది, తను కాచిందని చెప్పొద్దంటూ.

పెద్దకర్మ రోజున మైల తీరాలని చుట్టాలంతా పొద్దున్నే ఆమె ఇల్లు కడిగారు. ప్రేమతోనే కడిగారు. అవ్వ ఇల్లు అద్దంలా ఉండాలని డబ్బాల కొద్దీ ఫినాయిల్, బ్లీచింగ్ కుమ్మరించారు. చావింటికి వెళ్లొచ్చామని ఇరుగుపొరుగు కూడా తమ ఇళ్లలో అదే పని చేశారు. పెరట్లో కూరగాయలు తరుగుతున్న నేను ఘాటు ముక్కుకు తగిలి పరుగెత్తేసరికి నీళ్లన్నీ కాలువలోకి పోయాయి.

భోజనాల వేళకు ప్లాంటాయన వచ్చాడు. "తొట్టి నిండా తెల్ల నురగ లేసిందక్కా. వాసన మారింది. వంకలోకి పోకుండా అడ్డం వేసినాను. కానీ ఇంగా నీళ్లు వస్తానే ఉంటే పొర్లి ఏట్లోకే పోతాది."

విస్తళ్ల ముందు వంద మంది కూర్చుని ఉన్నారు. వాళ్లు చేతులు కడగాలి, గంగాళాలు తోమాలి. హిందూపురం నుంచి వచ్చిన అవ్వ కూతురు అంతా విని, "మా యమ్మ పేరు మీద ఏరు చెడిపోతే ఎట్లక్కా?" అంది. కళ్లు తుడుచుకుని, వెళ్లి కుళాయి కట్టేసింది.

"ఎవురూ ఈడ చేతులు కడగొద్దండి! బయట చెట్టుకాడికి రండి!"

"కర్మకాడ ఇదేం సోద్యమమ్మా?" అని ఒక పెద్దాయన గొణిగాడు. గొణుగుతూనే అందరికంటే ముందు లేచాడు.

ఎంగిలి చేతులతో చుట్టాలంతా ఆయన వెనక బయటికి నడిచారు. కానుగ చెట్టు మొదట్లో కూతురు చెంబు వంచుతోంది, ఒక్కొక్కరే వంగి చేతులు కడుగుతున్నారు, ఎండిన నేల ఆ నీళ్లను తాగేస్తోంది. నేను ప్లాంటాయన వెంట కాలనీ చివరికి వెళ్లి ప్లాంటు గోడ పక్కన నిలబడ్డాను. తొట్టి అంచుకు జానెడు కింద నురగ ఇంకా కదులుతూనే ఉంది.