నాపరాతి గూడు

పక్కింటి పెద్దనాయన కర్నూలు ఆసుపత్రిలో పోయాడని నాకు పాలాయన చెప్పాడు. రెండిళ్లకూ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. అయినా ఆయన ఆసుపత్రిలో చేరిన సంగతే నాకు తెలీదు. మూడేళ్లుగా మాకు మాటల్లేవు మరి. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఆయన మంచి చెప్పాలంటే ముందు మా కొట్లాట చెప్పాలి.

చుట్టరికం ఏమీ లేదు, డోన్‌లో ఇరుగుపొరుగు పిలుపు, అంతే. బేతంచెర్ల నాపరాళ్లు కోసి, పాలిష్ పట్టి బతికిన మనిషి. బండను వేలి కణుపుతో కొట్టి, మోత విని, లోపల నెర్రె ఉందో లేదో చెప్పేవాడు. మా వంటింటి గట్టు ఆయన పరిచిందే, ఇప్పటికీ ఒక్క చుక్క నీళ్లు నిలవవు. "కొల్త తప్పితే బండ ఒప్పుకోదు పాపా" అనేవాడు. ఆయనా ఒప్పుకునే రకం కాదు.

పని మానుకున్నాక ఆయన ధ్యాస పిచ్చుకల మీద పడింది. చెక్క గూళ్లు చేసి పెరటి గోడకు తగిలించాడు. పిచ్చుకలు వచ్చాయి. వాటి వెనకే గోరింకలూ వచ్చి, గడ్డి పీకేసి, గుడ్లు కింద పడేసేవి. ఆ గోరింకలకు రోజూ పొద్దున్నే మా వైపు గోడమీద అన్నం పెట్టేది నేనే. మా అత్త చేసే పని, ఆమె పోయాక నాకు అలవాటైంది.

"నీ కూడు తిని నా పిచ్చుకల్ని సంపుతాండాయి. ఇంగ అన్నం ఎయ్యాకు!"

"నా గోడ, నా అన్నం. నీ పిచ్చుకలకు సేతగాకపోతే నేనేం సేయాల?"

"నోరు శానా పెద్దదైంది నీకు!"

"నీ పక్కన ఉండే నేర్చుకున్యా."

ఒక ఉడత గూటి బెజ్జం కొరికి వెడల్పు చేసింది. గోరింకలకు ఇంకా సులువైంది. దాంతో ఆయన చెక్క వదిలేసి, నాపరాతి ముక్కలు అతికించి గూళ్లు చేశాడు. పిచ్చుక తప్ప ఇంకేదీ దూరలేని బెజ్జం పెట్టాడు. "పొడవండిరా ఇప్పుడు! ముక్కులు ఇరగాల మీకు!" అని గోరింకలను తిట్టాడు. నిజంగానే అవి ఓడిపోయాయి. పిచ్చుకలు గుడ్లు పెట్టాయి, పిల్లలయ్యాయి.

ఎండలు ముదిరాయి. ఆయన గోడకు పడమటి ఎండ నేరుగా తగులుతుంది. ఎండాకాలం నాపరాయి కాళ్లు కాలుస్తుందని మా సీమలో పసిపిల్లలకూ తెలుసు. బతుకంతా ఆ బండ మీదే ఉన్న మనిషికి అది తట్టలేదు. గోరింక తలకు కొలత తీశాడు గానీ, ఎండను మర్చిపోయాడు. ఒక మధ్యాహ్నం మూత తీసి చూస్తే నాలుగు పిల్లలూ చచ్చి ఉన్నాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని అట్లే నిలబడ్డాడు.

అప్పుడైనా నేను నోరు మూసుకోవలసింది. "గోరింకలు గుడ్లే పడేసినాయి పెద్దనాయనా. పిల్లల్ని కాల్సింది నువ్వే" అన్నాను.

ఆ సాయంత్రమే ఆయన సుత్తి తెచ్చి గూళ్లన్నీ పగలగొట్టాడు. ఆ తర్వాత గోడవైపే రాలేదు. నామీద కోపమనుకున్నాను. ఉంటే ఉండనీలే అని నేనూ బిగుసుకున్నాను.

దినాలయ్యాక ఆయన భార్య, పెద్దమ్మ, మా ఇంటికొచ్చింది. ఆమె చేతిలో ఒక చెక్క గూడు, బెజ్జం చుట్టూ రేకు కొట్టి ఉంది.

"మీ తూర్పు గోడకు సూరు కింద మద్యాన్నం నీడ ఉంటాదంట పాపా. ఆడ తగిలియ్యాలని మూడేండ్ల నుంచి ఇది సేసి పెట్టుకోని ఉన్యాడు. నేను పోయి అడుగుతా అంటే, వద్దులే, ఆ పాప సెప్పింది నిజమే గదా, ఏ మొగం పెట్టుకోని అడగాల అనె."

నేను గట్టిగా ఏడ్చేశాను. మూడేళ్లు కోపమనుకున్నది సిగ్గని నాకు తెలీలేదు. ఒక్కసారి గోడ దగ్గరికి పోయి పిలిచి ఉంటే పలికేవాడు.

మేకు నేనే కొట్టాను. వారం తిరక్కుండా పిచ్చుకల జంట వచ్చింది. ఈ పొద్దున మగపిచ్చుక గడ్డిపరక కరుచుకుని బెజ్జం దగ్గర లోపలికీ బయటికీ చూస్తోంది. గోడమీద నాలుగు గోరింకలు కూర్చుని నావైపు చూస్తున్నాయి. నేను అన్నం గిన్నె పట్టుకుని గడపలోనే నిలబడిపోయాను.