లోపలి లంగాకి జేబు

2005, ఫిబ్రవరి. మా దీవిలో ఓడరేవు పక్కనుండే హాడోలో మా ఇంటి ముందుగదే నా కుట్టు దుకాణం. సునామీ వెళ్లి రెండు నెలలైనా నేల అప్పుడప్పుడూ కదులుతూనే ఉండేది. వేరే దీవిలో ఉన్న హట్‌బేలో ఇల్లు పోయి, మా వీధిలో తన చెల్లెలింట్లో ఉంటున్న అప్పాయమ్మ పిన్ని ఒక పొద్దున లోపలి లంగా పట్టుకొచ్చింది.

"దీనికి జోబు కుట్టాల, పాపా."

"లంగాకి జేబేంటి పిన్నీ?" నవ్వాను.

"నవ్వకు. కార్డులన్నీ కొంగున ముడేసుకుని పరిగెత్తాను. కెరటం చీర లాక్కెళ్లిపోయింది. ఒంటిమీద మిగిలింది లంగాయే. మళ్లీ తీయించిన ఐలాండర్ కార్డు కూడా పోతే, ఈ దీవుల మనిషినని ఏం చూపించను? ఇంక నాకు ఇల్లెవరిస్తారు?"

ప్యాచ్ పాకెట్ వేశాను. అంటే చొక్కాకి మల్లే పైన అతికే ముక్క. మర్నాడు కట్టుకొచ్చి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, నా ముందే గబగబా నాలుగడుగులు పరిగెత్తింది. కార్డు జారి కింద పడింది.

"ఏటమ్మా ఇది? ఇది నిలబడే మగోడి జోబు. నాను పరిగెత్తాల."

అప్పుడు గుర్తొచ్చింది అమ్మమ్మ. నాకు బడి లేదు. అక్షరాలు నాన్న బైబిల్లోంచి, కుట్టు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆమెకి నేర్పింది ఒక మిషను దొరసాని. "పూర్వం ఎవరి బట్టలకీ జేబుల్లేవే. ఆడా మగా నడుముకి సంచి కట్టుకునేవారు. దొరసానుల గౌనుకి పక్కన చీలికుండేది, అందులో చెయ్యి పెడితే లోపలి సంచి అందేది. తర్వాత మగాళ్ల సంచిని బట్టకే కుట్టేశారు. మనదే మర్చిపోయారు" అనేది. ఆవిడ నడుముకీ ఒక వక్కాకు సంచి ఉండేది. ఆ వాసన నాకింకా గుర్తే.

ఆ సంచే కుట్టాను. సైడ్‌సీమ్ పాకెట్ అంటారు: పక్క కుట్టు విప్పి, లోతైన సంచిని లోపలికి వేలాడదీసి, నడుం పట్టీకి బిగించాలి. లోపల పాత గొడుగు బట్ట వేసి, మూతికి తాడు పెట్టాను. పిన్ని వీధి చివరిదాకా పరిగెత్తి చూసుకుంది.

"అరే మౌసీ, రేస్ హై క్యా?" ఎదురింటి భయ్యా నవ్వాడు.

"పందేనికి నువ్వూ రా, చూద్దాం!"

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేల ఊగింది. అందరం మిట్ట మీదికి పరిగెత్తాం. నా మెడలో టేపు, చేతిలో ఎవరిదో సగం కుట్టిన జాకెట్టు. పిన్ని నడుం తడుముకుని "ఉన్నాయి" అంది. తర్వాత నావైపు చూసి, "నీవో?"

నా కార్డులు ఇంట్లో బీరువాలో ఉన్నాయి. దేవునికి స్తోత్రం, ఆ రోజు సముద్రం రాలేదు.

పిన్నికి హట్‌బేలో ఇల్లొచ్చింది. లంగా చిరిగినప్పుడల్లా ఆ జేబు విప్పి, కొత్తదానికి మార్చమని ఓడలో పంపేది. నాలుగు లంగాలు మారింది ఆ జేబు.

ఆమెని పంపినందుకు ప్రభువుకి ఇప్పటికీ కృతజ్ఞత చెప్పుకుంటాను. ఏ ఆడమనిషి కొలతలు తీసినా నడుమూ పొడవూ రాసుకున్నాక ఇంకొకటి అడుగుతాను: "పరిగెత్తాల్సి వస్తే, నీతో ఏం రావాలమ్మా?" జేబు లోతు దాన్నిబట్టే.