సైన్సు మాస్టారి గుండె లెక్క

మొన్న ఉదయం జగ్గయ్యపేటలో నేను పత్రిక చదువుకొంటుండగా నందిగామ నుండి ఫోను వచ్చింది. "మాస్టారూ, నాన్నగారు పోయారండి" అన్నది మా సైన్సు మాస్టారి అమ్మాయి. పత్రిక అక్కడే వదిలేసి నందిగామ బస్సెక్కాను.

నందిగామ బడిలో ఆయన సైన్సు, నేను తెలుగు. ఇరవై రెండేళ్ళు పక్కపక్క గదులలో బోధించాము. ఒక విద్యార్థి చేత నిండు బకెట్‌ను చాచిన చేతితో పట్టించి, "బకెట్ కదిలిందా? లేదు. పుస్తకం ప్రకారం పని సున్నా. మరి వీడికి చెమటెందుకు పడుతోందర్రా?" అని అడిగేవారు. గోల భరించలేక నేను గుమ్మంలోకి వస్తే, "తెలుగు మాస్టారొచ్చారు, ఇక గుండె కూడా చప్పుడు చెయ్యకూడదర్రా!" అనేవారు.

పదవీ విరమణ తరువాత ఆయన గుండె కండరం బలహీనపడింది. ఆయన ఆ జబ్బునే లెక్కగా పట్టుకొన్నారు. గుండె తాను తీసుకొన్న శక్తిలో ఎంత భాగంతో రక్తాన్ని నెడుతుంది, ఎంత వేడిగా పోగొడుతుంది అన్నది కంప్యూటరులో నమూనాగా కట్టసాగారు. పరిశోధన చేస్తున్న పాత విద్యార్థిని ఒకామె సమీకరణాలు పంపేది. తప్పు చేస్తే గురువుగారినే మందలించేది. "అలిసిన గుండె చేసే పని తక్కువండీ, ఆ కాస్త పనికి అది తినే శక్తి ఎక్కువ" అని నాకు చెప్పేవారు. హృదయమనే మాటను నా పాఠాలలో ఎన్నిసార్లు వాడానో! అది విశ్రాంతి లేక శ్రమించే కండరమని నాకు తెలియజెప్పినది ఆయనే.

ఆ లెక్కను పదవ తరగతి పిల్లలకు ఒక్కసారి చెప్పాలని ఆయన కోరిక. ప్రధానోపాధ్యాయుడు ఒప్పుకొన్నారు. ఆ తరగతి మేడ మీద ఉన్నది; డాక్టరు మెట్లెక్కవద్దన్నారని, ఆయనకు చెప్పకుండా నేనే బడికి ఫోను చేసి పాఠం మాన్పించాను. ఆయన శిష్యులు చదువుతారని తెలిసే ఈ తప్పును రాస్తున్నాను.

తెలిశాక ఆయన కోప్పడలేదు. "నలభై నిమిషాలు మాట్లాడితే నా గుండెకెంత ఖర్చో లెక్కేశానండీ. మాట్లాడకపోతే ఎంతో లెక్కకందట్లా."

"కుదుటపడ్డాక చెబుదురుగాని లెండి."

"ఇది కుదుటపడేది కాదని మీకూ తెలుసు గదండీ."



వారి సొంతూరు చెవిటికల్లులో, వారి పెద్దల సమాధుల పక్కన ఆయనను ఉంచి నందిగామ వచ్చాక, అమ్మాయి ఆయన కంప్యూటరు తెరిచింది. ఆ పాఠం కోసం సిద్ధం చేసిన బొమ్మ కదలసాగింది. గుండె కొట్టుకొన్నప్పుడల్లా ఒక చుక్క పైకెక్కి, ఎడమకు జరిగి, కిందికి దిగి, తిరిగి వచ్చి వలయం పూర్తిచేస్తున్నది. వలయం ఎంత విశాలమైతే గుండె చేసిన పని అంత ఎక్కువని ఆయన నాకు చెప్పి ఉన్నారు. వలయాలు రెండు. వెడల్పాటి దాని కింద "మీది" అనీ, సన్నని దాని కింద "నాది" అనీ పిల్లల కోసం రాసి ఉన్నది.

"ఆపేయమంటారా, మాస్టారూ?" అన్నది అమ్మాయి.

"ఉండనీయమ్మా" అన్నాను. కుర్చీ దగ్గరకు లాక్కొని కూర్చున్నాను. సన్నని వలయం మళ్ళీ మొదలైంది.