అమ్మ పాలలో మూడో వాటా

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. అమీర్‌పేటలో మా నాయన దర్జీ. పంజాగుట్ట బంగళాల వాళ్ళకు షేర్వానీలు కుట్టేవాడు. చెల్లెలు కడుపులో పడగానే అమ్మ రొమ్ముకు వేపాకు ముద్ద పూసుకుని నా చేత పాలు మాన్పించింది. అప్పటికి నేను నాలుగేళ్ళ ఆడపిల్లను. చెల్లెలు పుట్టాక కొన్నాళ్ళు ఏడ్చి సర్దుకున్నాను. ఎంతైనా అది మా చెల్లెలు.

అంతలో మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పిన్నికి విషజ్వరం వచ్చి పాలు ఎండిపోయాయి. ఆమె నెలల పిల్లాణ్ణి కూడా అమ్మే ఒళ్ళో వేసుకుంది. ఒక పక్క చెల్లెలు, ఇంకో పక్క వాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. నాకు చేదు, వాడికి పాలా?

ఖాలా కోలుకున్నాక ఊరికే ఉండలేదు. మా అరుగు మీద కూర్చుని నాయన కుట్టిన షేర్వానీలకు కాజాలు తీసేది. దాంతో నాయనకు ఇంకా ఎక్కువ కుట్టే వీలు దొరికి నాలుగు డబ్బులు వచ్చాయి, అమ్మ కంచంలోకి కోడిగుడ్డు వచ్చింది. ఆ గుడ్డు పాలై మళ్ళీ వాడి నోట్లోకే పోయేది. నా కంచంలో మాత్రం జొన్నరొట్టె.

తల్లి ఒంట్లో సత్తువ ఒకటేననీ, పిల్లలంతా దాన్ని తలో వైపు లాగుతారనీ, కొన్నిచోట్ల పాలు పంచుకున్నా రక్తసంబంధంతో సమానమేననీ పెద్దయ్యాక పుస్తకాల్లో చదివాను. నాకేం కొత్తగా అనిపించలేదు.

ఒకరోజు వాణ్ణి అమ్మ ఒళ్ళోంచి లాగబోతే ఖాలా నా చెయ్యి పట్టుకుంది.

"గట్ల గుంజకు బిడ్డా. మీ అమ్మ పాలు తాగిండు, ఇగ వీడు నీ తమ్ముడే. రేపు మీ ఇద్దరికి పెండ్లి సుత కూడదు."

"నాకు తమ్ముడొద్దు. మీ ఇంటికి తీస్కపో."

"వాడు పోతే నీకేమొస్తది?" అని అమ్మ అడిగింది.

"నువ్వొస్తవ్," అన్నాను.

వాడికి నడక వచ్చాక పాలు మాన్పించాలని, ఖాలా వాణ్ణి మా ఇంటికి తీసుకురావడం మానేసింది. మొదటిరోజు గోడ అవతల ఒకటే ఏడుపు. చెల్లెలు నిద్రపోతోంది. ఇదే అదనని పోయి అమ్మ ఒళ్ళో కూర్చుని, రొమ్ముకు చెంప ఆనించాను. ఒడి అంతా నాదే.

చెంపకు తడి తగిలింది. అమ్మ ఏడుస్తోందేమోనని తలెత్తి చూశాను. ఏడవడం లేదు. నేను ఒళ్ళో ఉండగానే, వాడి ఏడుపు విని అమ్మకు పాలు చేపుకొచ్చాయి.