ఆశ వేరే, అంచనా వేరే

మా ఎదురింటి అన్న పోయాడు. బెంగళూరు శివార్లలో, జిగణిలో తను పనిచేసే ఫ్యాక్టరీలో, మొదటి షిఫ్టు టీ విరామంలో, క్యాంటీన్ బల్ల దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు వాలిపోయాడట. గుండె ఆగిపోయిందన్నారు. నేనప్పుడు ఆఫీసులో మీటింగులో ఉన్నాను. వాళ్ళక్క ఫోన్ చేసి, "తమ్ముడు లేడప్పా" అంది. డ్యూటీకి పోయుంటాడులే అక్కా, అన్నాను. ఆమె మళ్ళీ అదే మాట అంది.

హెబ్బగోడిలో మా వరుస ఇళ్ళవాళ్ళకి అన్న ఎవరో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పేరున్న మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఎవరికి సీటు వస్తుందో, ఎవరికి రాదో ముందే చెప్పేవాడు. ఆదివారం టిఫిన్లయ్యాక మేడమెట్ల మీద కూర్చుంటే, ఎంబీఏ పిచ్చి పట్టినవాళ్ళంతా చందాపుర నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్ళు. ప్రొఫైల్ చూపించుకోవడం అనేవాళ్ళం, జాతకం చూపించుకున్నట్టు. అన్న వచ్చినవాళ్ళ పేరు కూడా అడగకుండా ముందు పదో తరగతి మార్కులు అడిగేవాడు. తర్వాత ఇంటరు, డిగ్రీ, ఉద్యోగం. ప్రవేశపరీక్షలో ఎంతొచ్చిందన్నది అన్నిటికన్నా చివర. అదేంటన్నా అంటే, "అది మళ్ళా రాసుకోవచ్చు. పదోది మళ్ళా రాయనిస్తారా నిన్ను?" అనేవాడు.

కోచింగ్ సెంటర్ల మీద మాత్రం ఆయనకి మంట. ఫీజు కట్టేదాకా అక్కడ అందరికీ సీటొస్తుందప్పా అని నవ్వేవాడు.

నేను పదో తరగతి పరీక్షలు పచ్చకామెర్లతో రాశాను. నా మార్కులు విని అన్న కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. పైవరుస కాలేజీలు మర్చిపో, రాదు అన్నాడు. నాకు ఒళ్ళు మండి కామెర్ల సంగతి చెప్పాను. కామెర్లకి వాళ్ళ లెక్కలో గడి లేదన్నాడు. ఆ తర్వాత టీకొట్టు దాకా నన్ను నడిపించుకెళ్ళి, కిందివరుసలో నాకు తగిన రెండు కాలేజీల గురించి అక్కడి పాఠాలతో సహా విడమరిచి చెప్పాడు. ఎవరికైనా అంతే. రాదని చెప్పి మనిషిని ఆ మెట్ల మీదే వదిలేసేవాడు కాదు. ఆ రెండింటిలో ఒకదానిలో చదువుకున్నాను కాబట్టే ఈ ఉద్యోగం చేస్తున్నాను. ఆ మాట ఆయనతో చాలాసార్లు అన్నాను. ప్రతిసారీ మాట మార్చేసేవాడు.

ఆ రోజు టీకొట్టు దగ్గర చెప్పిన మాట ఒకటి ఇప్పటికీ చెవిలో ఉంది. "ఆశ వేరే, అంచనా వేరేప్పా. రెండూ ఒకే డబ్బాలో పోసినావంటే రెండూ చెడిపోతాయి."

అంత నిక్కచ్చి మనిషి తన దగ్గరికొచ్చేసరికి పొరపడ్డాడు. ఫ్యాక్టరీల్లో సర్వీసుకి ఉన్న గౌరవం ఇంకదేనికీ లేదు. ఏళ్ళు పెరిగేకొద్దీ మనిషికి విలువ పెరుగుతుంది. పాత ఆపరేటరు వస్తే సూపర్వైజరే లేచి కుర్చీ ఇస్తాడు. కాలేజీలు కూడా అలాగే చూస్తాయనుకుని, అనుభవం బాగా పోగయ్యాకే పరీక్ష రాద్దామని అన్న ఆగాడు. చాలా కాలేజీల లెక్కలో అనుభవానికిచ్చే మార్కులు కొంతదాకా పెరిగి, ఆపైన తగ్గుతాయని తెలిసేసరికి ఆ గీత దాటిపోయాడు. ఇది ఆయన దాచుకోలేదు, వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. "నా మాదిరి మాగబెట్టుకోవద్దండప్పా. మాగిందనుకుని చూస్తే కుళ్ళిపోయింటాది." మేం నవ్వేవాళ్ళం. వాళ్ళక్క నవ్వేది కాదు.

అక్కాతమ్ముళ్ళకి అమ్మానాన్న చిన్నప్పుడే పోయారు. అక్క గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషన్ కుడుతూ తమ్ముణ్ణి ఇంజనీరింగ్ చదివించింది, తను పెళ్ళి మాట ఎత్తలేదు. తమ్ముడు ఎప్పటికైనా పెద్ద కాలేజీకి పోతాడన్నది ఆమె పట్టుదల. ఎవరైనా కాదంటే ఊరుకునేది కాదు. తనకి రాదని అన్న ఎప్పుడో తేల్చుకున్నాడు. అందరికీ మొహం మీద చెప్పగలిగినవాడు ఇంట్లో ఆమె ముందు నీళ్ళు నమిలేవాడు. వచ్చే ఏడు చూద్దాంలే అక్కా అనేవాడు. అలా ఎన్ని వచ్చే ఏళ్ళు పోయాయో.

చివరికి, ఎక్కువ అనుభవం ఉన్నవాళ్ళ కోసమే నడిపే ఏడాది కోర్సు ఒకదానికి పెట్టుకున్నాడు. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. అక్క ఒబ్బట్లు చేసి వరుసంతా పంచింది. అక్క అంత సంబరంగా, గట్టిగా మాట్లాడడం ఆ రోజే మొదటిసారి విన్నాను.

ఇంటర్వ్యూ అయి వచ్చిన ఆదివారం అన్న నన్ను మెట్ల మీదకి పిలిచి, ఈసారి నా ప్రొఫైల్ నువ్వు చూడు అన్నాడు. వాళ్ళు అడిగింది, తను చెప్పింది పూసగుచ్చినట్టు చెప్పాడు. ఇన్నేళ్ళూ ఒకే ఫ్యాక్టరీని పట్టుకుని ఎందుకున్నారని అడిగారట. మా అక్కని ఒంటరిగా వదిలి వేరే ఊరు పోలేక అని ఉన్నదున్నట్టు చెప్పాడట. అప్పుడు అందులో ఒకాయన పెన్ను మూత పెట్టేశాడట.

ఆయన దగ్గర నేర్చుకున్న పద్ధతి ఒకటుంది కదా.

"రాదన్నా" అన్నాను.

"సరిగ్గా చెప్పినావు." మెట్టు మీంచి లేచాడు. "అక్కకి నువ్వు చెప్పొద్దు. ఫలితం వచ్చినాక నేనే చెప్పుకుంటా."

ఫలితం రాకముందే పోయాడు.

దినాలు అయిపోయి, వచ్చిన బంధువులు బస్సెక్కాక, అక్క తమ్ముడి ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ కాలేజీవాళ్ళు ఏమైనా రాశారేమో చూడమంది. రాశారు. మిమ్మల్ని ఎంపిక చేయలేకపోయాం అని మర్యాదైన ఇంగ్లీషులో. మీ భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం అని కూడా చివర రాశారు. ఆ వాక్యం మీద నాకొచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

వచ్చిందక్కా అనేస్తే ఎవరి సొమ్మూ పోదు. చేరాల్సినవాడు ఎలాగూ లేడు. నాలిక దాకా వచ్చింది కూడా. ఆమె నా మొహంలోకే చూస్తోంది. ఈ మాట చెప్పాల్సినవాడు ఆయన, ఆయన చెప్పి ఉంటే ఏం చెప్పేవాడో నాకు తెలుసు.

"రాలేదక్కా."

ఆమె ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మంచిదాయ. వచ్చింటే ఇప్పుడు దానికి గూడా ఏడ్చాల కదప్పా."

లేచి లోపలికెళ్ళి, అన్న ఇంటర్వ్యూకి వేసుకున్న నల్లకోటు, ఒక బ్లేడు తెచ్చుకుని గడప మీద కూర్చుంది. రెడీమేడ్ కోటు. చేతులు పొడుగయ్యాయని అప్పుడు తనే మడిచి కుట్టింది. పొడుగు చేతులోళ్ళకి ఎవురికన్నా పనికొస్తాదిలే అని, ఆ మడత విప్పడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ చెయ్యి కదా, కుట్టు గట్టిగా పడింది. ఊరికే తెగడం లేదు. గుడ్డ మీద గాటు పడకుండా ఒక్కో కుట్టు కిందా బ్లేడు మొన దూర్చి, తెంపి, దారం లాగుతోంది. నల్లదారం ముక్కలు ఆమె ఒళ్ళో పడుతున్నాయి.